పారగమ్యత నివేదికలో ఉష్ణోగ్రత ఏదీ?

సంపాదకులకు,

మా ఊరి చెరువు కట్టకు వాడదలచిన బంకమట్టి పరీక్ష నివేదికలు రెండు ఇటీవల చూశాను. ఒకే గుంతలోని మట్టి అయినా జనవరిలో వచ్చిన పారగమ్యతకు (మట్టిలోంచి నీరు ఎంత సులువుగా ఊరుతుందో చెప్పే కొలత) మే నెలలో ఒకటిన్నర రెట్లు రావడంతో, మట్టి మార్చారని గుత్తేదారును అనుమానించారు. నిజానికి మారింది నీటి స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం. అది 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.002 మిల్లీపాస్కల్ సెకన్లు కాగా, వరంగల్ ఎండలకు గదిలోని నీరు చేరుకోగల 40 డిగ్రీల వద్ద 0.653 మాత్రమే, పలచబడిన నీరు అదే మట్టిలోంచి వేగంగా ఊరుతుంది.

అందుకే మట్టి పరీక్షల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2720, 17వ భాగం ఫలితాన్ని 27 డిగ్రీలకు మార్చి చెప్పమంటుంది. కొలిచిన విలువను ఆనాటి నీటి ఉష్ణోగ్రత వద్ద ఉన్న స్నిగ్ధతతో గుణించి, 27 డిగ్రీల స్నిగ్ధత అయిన 0.851తో భాగించాలి, అంటే 20 డిగ్రీల విలువను 1.18తో, 40 డిగ్రీల విలువను 0.77తో గుణించినట్లే. అమెరికా ప్రమాణం 20 డిగ్రీలది కనుక, అక్కడి దిద్దుబాటు పట్టికను (మనవాళ్లకు అదే అలవాటు) యథాతథంగా దించుకోకూడదు.

గోడకు వేలాడే థర్మామీటరును కాక, పరీక్షలో పారే నీటినే కొలిచి, ఏ ఉష్ణోగ్రతకు సరిచేశారో ప్రతి నివేదికలో రాయాలని ప్రయోగశాలలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు, హనుమకొండ