స్కానింగులో కనబడిన ఊపిరితిత్తి లోపం బిడ్డ కార్డులోకి ఎక్కాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తికి వచ్చే లోపాలు, సీపామ్ అనే తిత్తుల గడ్డ గానీ, సీక్వెస్ట్రేషన్ అనే విడి ముక్క గానీ, 18-22 వారాలప్పుడు బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానింగులో చాలావరకు కనబడతాయి. కర్నూలు జిల్లాలో అసలు చిక్కు ఆ తర్వాతే. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోయిన గర్భిణి ఒకచోట స్కానింగు తీయించుకుంటుంది, ఇంకోచోట కాన్పవుతుంది. రిపోర్టు అత్తగారింట్లో ఉండిపోతుంది.

రిపోర్టు చేతిలో ఉన్నా అందులో 'ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ' అన్న ఒక్క ముక్కే ఉంటే ప్రయోజనం తక్కువ. గడ్డ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 0.52తో హెచ్చించి, బిడ్డ తల చుట్టుకొలతతో భాగించాలి. 4×3×3 గడ్డ, 20 సెం.మీ. తల అయితే 0.94. ఈ అంకె 1.6 దాటితే బిడ్డ ఒంట్లో నీరు చేరే ముప్పు ఎక్కువ. అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి. చిన్న తిత్తుల రకమైతే తల్లికి బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పనిచేయవచ్చు. గడ్డ 26-28 వారాల దాకా పెరగగలదు కాబట్టి ఒక్క స్కానింగుతో సరిపెట్టకూడదు. అంకె తక్కువున్న బిడ్డలు ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా పుడతారని కూడా చెప్పాలి. గడ్డ అనగానే కడుపు తీయించుకుందామనే ఇళ్లూ ఉన్నాయి మరి. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగులో గడ్డకు రక్తం బృహద్ధమని నుంచి నేరుగా వస్తోందా లేదా అన్నదీ రాయాలి.

నెలలు నిండేకొద్దీ గడ్డ, చుట్టూ ఉన్న ఊపిరితిత్తి స్కానింగులో ఒకే తీరుగా కనిపిస్తాయి. హద్దు చెరిగిపోగానే 'తగ్గిపోయింది' అని రాసేస్తారు. పుట్టాక ఎక్స్‌రే కూడా మామూలుగా రావచ్చు. అయినా గడ్డ లోపలే ఉండవచ్చు. తర్వాత అదే పక్క, అదే చోట న్యుమోనియా తిరగబెడుతుంటే టీబీ మందులు మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. ఊపిరితిత్తిలో ఒక తమ్మె (భాగం) గాలి చిక్కుకుని ఉబ్బిపోయే లోబార్ ఎంఫిసీమాది ఇంకో ప్రమాదం. ఉబ్బిన తమ్మెను చూసి ఊపిరితిత్తి బయటికి గాలి లీకయిందనుకొని ఛాతీలోకి గొట్టం వేస్తే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. ఎక్స్‌రేలో ఆ నల్లటి భాగంలో సన్నని రక్తనాళాల గీతలు ఉన్నాయేమో ముందు చూసుకోవాలి.

అందుకే ఎక్స్‌రే బాగున్నా, ఇబ్బంది లేని బిడ్డకు 3 నుంచి 6 నెలల మధ్య కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్) తీయాలి. ఆయాసపడే బిడ్డకు వెంటనే. సీటీ ఛాతీతో ఆపకుండా పై పొట్ట దాకా రావాలి, ఎందుకంటే సీక్వెస్ట్రేషన్ ధమని ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర) కింద నుంచి కూడా పుట్టవచ్చు. అది తెలియకుండా కోస్తే, తెగిన నాళం పొట్టలోకి జారి రక్తస్రావం ఆగదు. పెద్దవాళ్ల డోసుతో తీయకుండా, బరువును బట్టి కాంట్రాస్ట్ మందు, తక్కువ కేవీ (ఎక్స్‌రే వోల్టేజీ) అని సీటీ గది గోడ మీదే రాసిపెట్టించండి.

పిల్లల్ని పరీక్షించే కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాల జాబితాలో గుండె, గ్రహణం మొర్రి, వంకర పాదం ఉన్నాయి. ఊపిరితిత్తి లేదు. మన రాష్ట్రం వరకైనా చేర్పించండి. తల్లీబిడ్డ రక్షణ కార్డు మీద ఎర్ర సిరాతో మూడు సంగతులు రాయించండి: స్కానింగులో కనబడిన లోపం, దాని అంకె, సీటీ తీయాల్సిన నెల. టీకాకు వచ్చినప్పుడు ఏఎన్ఎమ్ ఆ నెల చూసి కర్నూలు సర్వజన ఆసుపత్రికి పంపగలుగుతుంది.

ఇట్లు,
కర్నూలు జిల్లాకు చెందిన కొందరు స్కానింగు, పిల్లల వైద్యులు