రేటు చెప్పి నాడి పట్టుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో నాకు మందుల షాపు ఉంది, పెట్టి ఇరవై రెండేళ్లయింది. పొద్దున పూట బేరం పల్చగా ఉంటుంది కాబట్టి మీ పేపర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను, బిజినెస్ పేజీతో సహా. ఈ మధ్య ఆ పేజీలో ఆసుపత్రుల వార్త లేని వారం లేదు. ఫలానా గ్రూపు ఇంకో వెయ్యి బెడ్లు పెడుతోంది, ఫలానా విదేశీ ఫండు ఫలానా చైన్‌లో వాటా కొంది, షేరు లేచింది. అదే రోజు జిల్లా పేజీ తిప్పితే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులకి ప్రభుత్వ బకాయిలు, కొత్త కేసులు తీసుకోం, సేవలు బంద్. రెండూ ఒకే వ్యాపారం గురించిన వార్తలే. బెడ్ మీద పడుకున్నవాడి బిల్లు మాత్రం ఏ పేజీలోనూ కనబడదు, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, రేట్ల సంగతి మాత్రం తీసెయ్యకండి.

మా బావకి గాల్ బ్లాడర్‌లో రాళ్లు. ఊళ్ళో ఓ పెద్ద ఆసుపత్రిలో (పేరు ఎందుకులెండి, ఏ ఆసుపత్రి పేరు రాసినా కథ ఇంతే) ల్యాప్రోస్కోపీ అన్నారు. "ప్యాకేజీ ఎంతండీ" అని అడిగితే కౌంటర్లో అమ్మాయి "డెబ్భై ఐదు అలా అవుతుంది అంకుల్" అంది. ఆ 'అలా' అన్న మాటని నేనప్పుడు పట్టించుకోలేదు. మూడు రోజులకి బిల్లు లక్షా ముప్పై ఒక్క వేలు. ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉన్నాం, వాళ్లు ఎనభై రెండు వేలు ఇచ్చి మిగతాది మీరే కట్టుకోండన్నారు. ఎందుకంటే పాలసీ ప్రకారం రూము రోజుకి ఐదు వేలు మించకూడదు, బావ ఉన్నది ఏడున్నర వేల రూములో, అప్పుడు తక్కువది ఖాళీ లేదన్నారు మరి. తేడా రోజుకి రెండున్నర వేలే కదా, కట్టేద్దాం అనుకున్నాం. అలా కాదట. రూము అద్దెలో మూడో వంతు ఆ పరిమితి దాటితే డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు కూడా అదే లెక్కన మూడో వంతు కోసేస్తారట. పైగా గ్లౌజులు, మాస్కులు, డ్రేప్‌లు ఇవన్నీ 'నాన్ పేయబుల్', అంటే బీమావాళ్లు ఇవ్వరు. పొద్దున పదింటికి డిశ్చార్జ్ అని చెప్పినవాళ్లు సాయంత్రం ఆరున్నరకి పంపారు. బీమా నియంత్రణ సంస్థ 2024లో ఇచ్చిన ఆదేశం ప్రకారం డిశ్చార్జ్ క్లియరెన్స్ మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే అదనంగా పడే ఖర్చు బీమా కంపెనీదే. ఆ మాట నేనంటే బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్కులో కుర్రాడు నవ్వాడు, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు.

ఇక బిల్లు ఇంటికి తెచ్చుకుని నా పద్ధతిలో చదివాను. మందుల లిస్టు నాలుగు పేజీలుంది. అందులో ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్, నాకు హోల్‌సేల్‌లో రెండొందల లోపు వచ్చే రకం, వాళ్లు వేసింది పదకొండొందలు. దొంగ లెక్క అనుకునేరు, కాదు. వయల్ మీద ముద్రించిన ఎమ్మార్పీనే పదకొండొందలు, చట్టం ప్రకారం వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కిటుకు అక్కడే ఉంది. ధర నియంత్రణ లేని మందుకి కంపెనీ మొదట ఎమ్మార్పీ ఎంతైనా కొట్టుకోవచ్చు, ఎమ్మార్పీ ఎంత ఎక్కువుంటే కొనే ఆసుపత్రికి అంత మిగులు, కాబట్టి ఎక్కువ ఎమ్మార్పీ కొట్టిన కంపెనీకే ఆర్డరు. మామూలుగా చవగ్గా ఇచ్చేవాడి సరుకు కదా అమ్ముడుపోవాలి, ఇక్కడ తిరగబడింది. ఇది నా గొణుగుడు కాదు, మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ 2018లో ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూసి ఇదే చెప్పింది, కొన్నిటి మీద మార్జిన్ 1,737 శాతం వరకూ ఉందని లెక్క కట్టింది. నేను కూడా శుద్ధపూసని కాదు. జనరిక్ మందుల మీద మాకూ మిగులు బాగానే ఉంటుంది, అందులోంచి పది, పదిహేను శాతం తగ్గించి ఇచ్చి పుణ్యం చేసినట్టు ఫోజు కొడతాం. కాకపోతే నా షాపు నచ్చకపోతే పక్క షాపుకి వెళ్ళొచ్చు. సెలైన్ ఎక్కుతున్న మనిషి పక్క షాపుకి ఎలా వెళ్తాడు? బయట కొని తెచ్చుకుంటామంటే "మా ఫార్మసీదే వాడాలి, బయటి మందుకి మాది గ్యారంటీ కాదు" అంటారు. దీని మీద ఎవరో సుప్రీంకోర్టుకి వెళితే 2025 మార్చిలో, ఇది రాష్ట్ర ప్రభుత్వాలు విధానం చేసుకోవాల్సిన విషయం అని చెప్పి కేసు ముగించింది. మన ప్రభుత్వాలు ఏం చేశాయో మీ విలేకరులు ఓసారి కనుక్కుని రాస్తే బాగుంటుంది.

ధరలు ప్రభుత్వం తగ్గించలేదా అంటే తగ్గించింది, గుండె స్టెంట్లు చూడండి. 2017 ఫిబ్రవరి దాకా మందు పూసిన స్టెంటు లక్ష, లక్షన్నర కూడా వేసేవాళ్లు. కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో ముప్పై వేల లోపుకి దించింది. నాకు తెలిసి ఏ కంపెనీ మూతపడలేదు, స్టెంట్లు వేసే ఏ క్యాథ్ ల్యాబూ తాళం వేసుకోలేదు. స్టెంటు రేటు తగ్గినంతగా యాంజియోప్లాస్టీ మొత్తం బిల్లు తగ్గిందా అంటే అది వేరే సంగతి, ఒక లైను నొక్కితే ఇంకో లైను ఉబ్బుతుంది.

ఆసుపత్రుల వాళ్ల గోడు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మా వీధిలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లై నడిపిన నర్సింగ్ హోములు ఒకప్పుడు ఎన్నుండేవో. పైన ఇల్లు, కింద ఆసుపత్రి, అర్ధరాత్రి తలుపు కొడితే లుంగీతోనే దిగొచ్చేవారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక బోర్డులు మారాయి, మల్టీ స్పెషాలిటీ, తర్వాత సూపర్ స్పెషాలిటీ. అప్పులు తెచ్చి ఐసీయూలు కట్టారు. పేదవాడు పెద్దాసుపత్రి గడప తొక్కగలిగాడు, దాన్ని నేను ఎప్పటికీ తక్కువ చెయ్యను, మా షాపులో పనిచేసే కుర్రాడి తల్లికి గుండె ఆపరేషన్ అలాగే అయింది. కానీ ప్రభుత్వం డబ్బు నెలల తరబడి రాదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేదాకా వెళ్లాయి. పథకం పరిమితేమో పెరుగుతూనే ఉంది, తెలంగాణలో ఐదు లక్షల నుంచి పది లక్షలు, ఇక్కడ ఏకంగా పాతిక లక్షలు. హోర్డింగు మీద అంకె పెంచడానికి ఖర్చేముంది! పెద్ద చైన్‌కి ఆ ఆలస్యం తట్టుకునే ఓపిక ఉంటుంది, యాభై బెడ్ల ఆసుపత్రికి ఉండదు. ఆ లోటు ఎక్కడ పూడుస్తారు? మా బావలాంటి వాళ్ల బిల్లులో. చివరికి పూడ్చలేక అమ్ముకుంటారు, లేదా లీజుకిస్తారు.

అమ్మకాలంటే గుర్తొచ్చింది. అబ్దుల్ కలాం గారితో కలిసి చవక స్టెంటు తయారు చేసిన డాక్టర్ సోమరాజు గారు హైదరాబాద్‌లో 1997లో కేర్ ఆసుపత్రి పెట్టారు. ఆ గ్రూపులో పెద్ద వాటా అడ్వెంట్ అనే ఫండుకి, దాని నుంచి అబ్రాజ్‌కి, అబ్రాజ్ కుప్పకూలాక టీపీజీకి, 2023లో బ్లాక్‌స్టోన్‌కి వెళ్లింది, 2024 నవంబర్లో ఆస్టర్ ఆసుపత్రుల గ్రూపుతో విలీనం ప్రకటించారు. వాళ్ల వైద్యం గురించి నేనేమీ అనడం లేదు, బాగానే చేస్తారు. ఫండు అన్నది ఐదారేళ్లలో కొన్నదాని కంటే ఎక్కువకి అమ్ముకోవడానికే వస్తుంది, అది దాని వృత్తి. దేశంలో కొన్ని పెద్ద చైన్లకి నిండిన బెడ్ మీద రోజుకి వచ్చే సగటు ఆదాయం 60 వేలు దాటింది. ఇన్వెస్టర్‌కి అది శుభవార్త. ఆ ఆదాయం ఇంకో మనిషికి ఖర్చు అని గుర్తు తెచ్చుకుని చదివితే అదే వార్త ఇంకోలా ఉంటుంది. 2000 సంవత్సరం నుంచే ఆసుపత్రుల్లోకి నూరు శాతం విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచాం కాబట్టి ఈ వరస ఇప్పట్లో ఆగదు, ఆపమని కూడా నేను అనను. డబ్బు రాకపోతే బెడ్లు రావు, మెషిన్లు రావు.

బెడ్లు నింపాల్సిన ఒత్తిడి మాత్రం కింది దాకా పాకుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీకి ఇంత, అంబులెన్సు డ్రైవర్‌కి ఇంత అని కమిషన్లు నడుస్తాయని మా వీధిలో టీ కొట్టువాడికి కూడా తెలుసు. కాన్పుల సంగతి సరేసరి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, దేశం మొత్తమ్మీద ప్రైవేటులో 47.4. మన ఆడపిల్లల ఒళ్లు దేశంలో మిగతావాళ్ల కంటే వేరుగా ఉందా? ముహూర్తాలు పెట్టించుకునేది మనమే, ఒప్పుకుంటాను. అయినా నూటికి ఎనభై ముహూర్తాలు ఉండవు కదండీ.

ప్రైవేటు అంటే ఇలాగే ఉండాలన్న రూలేమీ లేదు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా సర్కారుది కాదు. అక్కడ సగం మందికి పైగా ఉచితంగా చూస్తారు, డబ్బు కట్టగలిగినవాళ్ల దగ్గర తీసుకుంటారు, ఊళ్ళల్లో చిన్న కేంద్రాలు పెట్టి చిన్న జబ్బులు అక్కడే తేల్చేస్తారు. కన్ను వేరు, క్యాన్సర్ వేరు అంటారా, నిజమే. మంగళగిరి ఎయిమ్స్‌లో పది రూపాయల ఓపీ ఉంది, గంటల కొద్దీ క్యూ కూడా ఉంది. ఆ క్యూ చూసి వెనక్కి వచ్చేసినవాళ్లలో కొంతమంది మళ్లీ మా వీధి ఆసుపత్రులకే చేరతారు.

ప్రభుత్వ లెక్కల్లో జనం జేబులోంచి పెట్టే వైద్య ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4కి తగ్గింది. మంచిదే. నా కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే అది అంత తేలిగ్గా కనబడదు, ఎందుకంటే ఆరోగ్యశ్రీ అయినా ఇన్సూరెన్స్ అయినా బెడ్ ఎక్కితేనే పలుకుతుంది, బీపీ, షుగర్ బిళ్లలకి పలకదు. నెలాఖరులో "అర స్ట్రిప్ ఇవ్వు బాబూ, మిగతాది ఒకటో తారీఖున" అనేవాళ్లు ఇప్పటికీ రోజుకి అరడజను మంది.

ముందు ముందు ఇన్సూరెన్స్ ఇంకా పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఆంధ్రలో ప్రభుత్వ పథకాన్ని కూడా కొంత బీమా కంపెనీల ద్వారా నడపాలని నిర్ణయించారు. బీమా ఉందని తెలియగానే రేటు మారే పద్ధతి పోనంతవరకు ఆ తగ్గిన పన్ను మళ్లీ ప్రీమియంలోకే ఎక్కుతుందని నా అనుమానం. ఆసుపత్రులేమో బీమావాళ్లు పాత రేట్లే ఇస్తున్నారంటాయి, బీమావాళ్లేమో ఆసుపత్రులు ఎడాపెడా వేస్తున్నాయంటారు. 2025 ఆగస్టులో ఈ గొడవ కొన్ని ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ (ముందు మన డబ్బు కట్టక్కర్లేని బీమా వైద్యం) ఆపేస్తామనే దాకా వెళ్లింది. అసలు రేటు ఎంతో బయట ఉంటే కదా ఎవరిది తప్పో తేలేది.

నేను అడిగేది ఒక్కటే. ప్రతి ప్రైవేటు ఆసుపత్రి తరచుగా చేసే ఓ యాభై ఆపరేషన్లకి, రూములకి, టెస్టులకి రేట్లు గోడ మీద తెలుగులో పెట్టాలి, చేరేటప్పుడు రాతపూర్వకంగా ఎస్టిమేషన్ ఇవ్వాలి, అది దాటితే ఎందుకు దాటిందో చెప్పి సంతకం తీసుకోవాలి. ఇదేమీ వింత కోరిక కాదు, కేంద్రం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో చేసిన నియమాల్లోనే రేట్లు స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలని ఉంది. మన రాష్ట్రానికి 2002 నుంచి సొంత చట్టం ఉంది, దాని కిందే పెట్టించొచ్చు. ప్రభుత్వాలకి చేతకాదనడానికీ లేదు. కోవిడ్ అప్పుడు తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చి వార్డుకి రోజుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో అయితే 9,000 అని తేల్చి చెప్పింది. ఇచ్చింది 2021 జూన్ చివర్లో, అప్పటికి రెండో వేవ్ తగ్గుముఖం పట్టేసింది, అది వేరే విషయం. హోటల్లో ఇడ్లీకి బోర్డు ఉంది, సెలూన్లో గడ్డానికి బోర్డు ఉంది. యాక్సిడెంటో, పాముకాటో అయినప్పుడు ఎవరూ బేరం ఆడలేరు, నిజమే, అందుకే కదా బోర్డు ముందే ఉండాలనేది.

మా అక్కకి వచ్చే నెల మోకాలి ఆపరేషన్ చేయించాలి. ఈసారి తెలివి వచ్చి మూడు ఆసుపత్రులకి స్వయంగా వెళ్లి ఎస్టిమేషన్ అడిగాను. ఒక చోట "డాక్టర్ గారు చూశాక చెప్తాం" అన్నారు, ఇంకో చోట "ఇన్సూరెన్స్ ఉందా, ఎంతకి ఉంది" అని ఎదురు అడిగారు. కాగితం మీద రాసిచ్చింది ఒక్క చోటే. అదీ పెన్సిల్‌తో.

ఇట్లు,
కొత్తపేట మందుల షాపు పాఠకుడు,
గుంటూరు