నోట్స్ ఇస్తున్నాం సరే, భద్రపరచుకోవడం ఎవరు నేర్పాలి?

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే చాలు, కాలేజీ పిల్లల ఫోన్లలో ఒకటే వెతుకులాట. యూనిట్ 3 నోట్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని గ్రూపులో ఒకరు అడుగుతారు, పైకి స్క్రోల్ చేసి చూడమని ఇంకొకరంటారు, చదవాల్సిన రాత్రి కాస్తా అలా గడిచిపోతుంది. పిల్లల బద్ధకం అని తేల్చేయడం అన్యాయం. ఒక సార్ వాట్సాప్‌లో పెడతారు, ఒక మేడమ్ గూగుల్ క్లాస్‌రూమ్‌లో, మరొకరు మెయిల్‌లో పంపుతారు, ఇంకొకరు బోర్డు మీద రాసి ఫొటో తీసుకోమంటారు. ఏది ఎక్కడుందో ఆ పిల్లలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

వాట్సాప్‌నే నమ్ముకోవడం మరీ ప్రమాదం. అప్పుడే డౌన్‌లోడ్ చేసుకోని ఫైలు కొన్నాళ్ళ తర్వాత తెరుచుకోదు, పంపినవాళ్ళనే మళ్ళీ అడగాలి. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీ కూడా డ్రైవ్‌కి, ఫొటోలకి, జీమెయిల్‌కి కలిపే. బోర్డు ఫొటోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్ళు రావడం ఆగిపోతుంది, అసైన్‌మెంట్ గడువు గురించి సార్ పంపిన మెయిలుతో సహా. ఈ సంగతి చాలామంది పిల్లలకు ఆ టెన్షన్ ఎదురయ్యేదాకా తెలియదు.

నేర్పితే ఇదేమీ పెద్ద విద్య కాదు. సబ్జెక్టుకో ఫోల్డర్, ఫైలు పేరు ముందు తేదీ. ఆ తేదీ కూడా సంవత్సరం, నెల, రోజు వరసలో 2025-03-14 అని రాస్తే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో కూర్చుంటాయి (1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే వరస ఇదే). "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఫైనల్ 2" అని మూడు ఫైళ్ళుంటే సార్‌కి పంపాల్సింది ఏదో రాసినవాడికే తెలియదు, తేదీ ఉంటే ఆ గొడవే లేదు. ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్ళకైతే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, 2006 నుంచీ ఉచితమే. చదివిన వ్యాసాల వివరాలన్నీ అందులో దాచుకుంటే చివర్లో రిఫరెన్సుల జాబితా అదే తయారుచేసి ఇస్తుంది. పీజీకి వచ్చాక కూడా దాని పేరు వినని పిల్లలుండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాలేజీలను నేను కోరేది రెండే. మొదటి సెమిస్టర్‌లో ఒకట్రెండు పీరియడ్లు దీనికి కేటాయించి, పిల్లల చేత అక్కడే ఫోల్డర్లు పెట్టించాలి. డిపార్ట్‌మెంట్‌లో అధ్యాపకులందరూ కూర్చుని నోట్స్, గడువులు, మార్కులు పెట్టే చోటు ఏదో ఒకటి ఖాయం చేసుకుని, సీనియర్లతో సహా అందరూ దానికే కట్టుబడాలి.

ఒక కళాశాల అధ్యాపకురాలు