మా మనవరాలు ఇంటికొచ్చింది, అందరికీ చేతులెత్తి దండం

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన మా మనవరాలు నిన్న మా గడప దాటి లోపలికొచ్చింది. పుట్టినప్పుడు 1,400 గ్రాములు. ఇప్పుడు రెండు కిలోలకు దగ్గరపడింది. పాలు తాగుతోంది, గట్టిగా ఏడుస్తోంది, ఆ ఏడుపు వింటుంటే మాకు పండగలా ఉంది. ఇన్నాళ్లూ ఫోన్లు చేసి ధైర్యం చెప్పినవాళ్లకి, మొక్కులు మొక్కినవాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక ఇంకా రాలేదు. అందుకే ఇలా అందరికీ ఒక్కచోట చెప్పుకుంటున్నాను.

పురిటికి వచ్చిన మా అమ్మాయికి ఎనిమిదో నెల మొదట్లోనే బీపీ బాగా పెరిగిపోయింది. విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఇక్కడి డాక్టరమ్మగారు చూసిన వెంటనే ఫిట్స్ రాకుండా మెగ్నీషియం, కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసి, 108లో బరంపురం పంపించేశారు. ఊరూ ఒడిశాదే, ఆస్పత్రీ ఒడిశాదే, దారి మాత్రం పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా ఆంధ్రాలోంచి. పాతపట్నం దాటుతున్నప్పుడు కూర్చున్న చోటి నుంచే నీలమణి దుర్గమ్మకు దండం పెట్టుకున్నాను. "అమ్మా, ఆగి కొబ్బరికాయ కొట్టే టైం లేదు, నువ్వే మాతో రా" అన్నాను. డ్రైవర్ బాబు ముందే ఫోన్ చేసి చెప్పాడేమో, మేం చేరేసరికి స్ట్రెచర్ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. ఆ బాబు చల్లగా ఉండాలి.

"ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదు" అని మన వైపు ఒక మాట ఉంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ మాటే నన్ను తినేసింది. పిల్లల డాక్టరుగారిని అడిగితే, "అది తప్పమ్మా, తల్లి కడుపులో ఎన్నాళ్లు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత బలం" అన్నారు. దయచేసి ఏ గర్భిణి ముందూ ఆ మాట అనకండి.

పుట్టగానే పాప మూలుగుతూ ఊపిరి తీసింది. ప్రతి శ్వాసకీ డొక్కలు లోపలికి పోయేవి. ఊపిరి వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా చూసే పదార్థం నెలలు నిండని పిల్లల్లో సరిగా తయారవదట. దాని పేరు సర్ఫాక్టెంట్. పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ఆ మందును సన్నటి గొట్టంతో లోపలికి పోసి, ముక్కుకి సీప్యాప్ (ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండేలా కాస్త ఒత్తిడితో గాలి పంపే మెషిన్) పెట్టారు. తర్వాత దాని గురించి చదివాను. ఆ లోపాన్ని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ బయటపెట్టారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఇదే జబ్బుతో రెండు రోజులైనా నిండకుండా పోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా అనే డాక్టరుగారు ఈ మందుతో పసిపిల్లల్ని బతికించి చూపించారు. ఆ రోజు అమెరికా అధ్యక్షుడి బిడ్డకు లేని మందు ఇవాళ పర్లాకిమిడి బిడ్డకు దొరికింది. ఇది చదివి చాలాసేపు ఏడ్చాను.

పాప కాలికి ఎర్ర లైటున్న చిన్న పట్టీ చుట్టారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అది చెబుతుంది. ఒకసారి నేను చూస్తుండగానే అంకె 90 కిందికి జారింది, అలారం మోగింది. నర్సమ్మ పరుగున వచ్చి మెడ కింద గుడ్డ సర్ది, అరికాలు మెల్లగా తట్టింది. 86, 89, 93. "మావుసీ, డరంతు నాహీ" అంది నా వైపు చూసి, ఒడియాలో "పిన్నీ, భయపడకండి" అని. ఆ పిల్ల ఏ మందు ఎక్కించే ముందైనా పెదాల మీదే "జయ జగన్నాథ" అనుకునేది. మోతాదు మాత్రం రెండుసార్లు సరిచూసుకునేది. నా నమ్మకం కూడా సరిగ్గా అలాంటిదే.

తర్వాత కామెర్లు. కళ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు. మాకు ఆరోగ్యమంటే అరసవల్లి సూర్యనారాయణమూర్తే. ఈ వైద్యం కూడా ఎండలోంచే వచ్చిందని తెలిసి ఒళ్లు పులకరించింది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లేది. ఒక బిడ్డకు దుప్పటి కప్పిన చోట మాత్రమే పసుపు మిగిలి, ఎండ తగిలిన చోటల్లా తగ్గడం ఆమె చూసింది. ఆ తర్వాతే లైట్లు వచ్చాయి. అలాగని ఇంట్లో ఎండలో పెడితే చాలనుకోకండి, కామెర్లు ముదిరితే బిడ్డ మెదడుకే ప్రమాదం.

బంధువుల్లో ఒకరు బాలగ్రహ దోషం, ఇంటికి తెచ్చి శాంతి చేయించండి అన్నారు. ఇంకొకరు అంతా మెషిన్లే చేశాయి, దేవుడేం చేశాడు అన్నారు. ఇద్దరూ మా మీద ప్రేమతోనే అన్నారు. నేను మాత్రం బిడ్డను అక్కడి నుంచి కదపలేదు, జపమూ ఆపలేదు. ఎండలో ఆ మచ్చని చూసిన కళ్లు, అరికాలు తట్టిన చేయి, అవన్నీ ఆయనిచ్చినవేనని నమ్ముతున్నాను.

అమ్మాయి లేవలేని రోజుల్లో పాపను నా గుండెకు ఆనించి పడుకోబెట్టారు, కంగారూ కేర్ అంటారు. నా ఒంటి వేడితోనే దానికి వెచ్చదనం. తల్లి పాలు పిండి తెచ్చి ఉగ్గుగిన్నెలాంటి గిన్నెతో చుక్కచుక్కగా పట్టేవాళ్లు. హైదరాబాద్ నుంచి రైలెక్కిన అల్లుడు కూతుర్ని మొదట చూసింది వీడియో కాల్లోనే.

డాక్టర్లకు, నర్సమ్మలకు, రాత్రీ పగలూ వార్డు తుడిచిన ఆయమ్మలకు, మా ఇంట్లో దీపం ఆరకుండా చూసిన పక్కింటి వదినగారికి మేమంతా రుణపడి ఉన్నాం. పాపకు కళ్ల పరీక్ష అయింది, ఇంకోసారి రమ్మన్నారు. అది అయ్యాక అరసవల్లి మొక్కు తీర్చుకుంటాం.

మా పక్క బెడ్డు వాళ్లది మోహనా వైపు కొండ మీది ఊరు. వాళ్ల బాబు మా పాపకంటే చిన్నవాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. మీ పూజలో, ప్రార్థనలో, నమాజులో ఆ బాబును కూడా ఒకసారి తలచుకోండి.