రోడ్డు మీద కత్తి పెట్టారంటే...

ఎడిటర్ గారికి నమస్కారం. అంబులెన్స్ వాళ్లు రోడ్డు పక్కనే ఊపిరి ఆడటానికి గొంతు కోసి ట్యూబ్ వేశారనో ఛాతీ తెరిచారనో వార్త వస్తే చాలు, పేపర్లలో రెండే హెడ్డింగులు. మనిషి బతికితే 'అద్భుతం', పోతే 'నడిరోడ్డు మీద ప్రయోగం'. అంబులెన్స్ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చేవాడిని కాబట్టి ఈ రెండూ చూస్తే నాకు చిరాకేస్తుంది, అందుకే ఈ లెటర్.

గొంతు కోయడం అంటే అందరూ ఏదో భయంకరమైన సర్జరీ అనుకుంటారు కానీ పని చిన్నదే. కంఠమణికి కాస్త కింద వేలికి మెత్తగా తగిలే చోట స్కాల్పెల్ అనే సర్జరీ కత్తితో అడ్డంగా గాటు, అందులోంచి బూజీ అనే సన్నని కడ్డీ, దాని మీదుగా 6 నంబర్ ట్యూబ్, అంతే. ఊపిరి దారి కష్టమైన కేసుల మీద పనిచేసే బ్రిటన్ డాక్టర్ల సంఘం, డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ, 2015 గైడ్‌లైన్స్‌లో అందరూ ఈ ఒక్క పద్ధతే నేర్చుకోండి అని చెప్పింది, ఎందుకంటే కంగారులో ఉన్న మనిషికి నాలుగు దారులు చూపిస్తే ఏదీ చెయ్యడు. కష్టమల్లా ఎక్కడంటే, ఇక మామూలుగా నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ పడదు, మాస్క్‌తో కూడా గాలి వెళ్లట్లేదు, కొయ్యాల్సిందే అని ఒప్పుకోవడం దగ్గర. ఇంకొక్కసారి ట్రై చేద్దాం, ఇంకొక్కసారి అనుకుంటూ ఉండగానే మెదడుకి ఆక్సిజన్ అందక నిమిషాలు అయిపోతాయి, ఆ తర్వాత ఎంత చక్కగా కోసినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇది అంబులెన్స్ వాళ్ల బలహీనత మాత్రమే అనుకోకండి. 2005లో బ్రిటన్‌లో ఒక మామూలు సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చాక పేషెంట్‌కి గాలి అందలేదు. అన్నీ ఉన్న థియేటర్, అనుభవమున్న డాక్టర్లు, గొంతు దగ్గర కోసి ట్యూబ్ వేసే సెట్ ఒక నర్సు తెచ్చి పెట్టింది కూడా, అయినా వాళ్లు మామూలు ట్యూబ్ ప్రయత్నమే చేస్తూ ఉండిపోయారు, ఆ పేషెంట్ తర్వాత చనిపోయారు. వెలుతురు, మనుషులు ఉన్న చోటే అలా అయితే చీకట్లో నుజ్జయిన కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నవాడి సంగతి చెప్పేదేముంది.

గుండె చుట్టూ చేరిన రక్తం తీసి గాయాన్ని అదుపు చెయ్యడానికి ఛాతీ తెరవడం మాత్రం వేరే లెవెల్, అది అందరూ చెయ్యాల్సింది కాదని నా అభిప్రాయం. లండన్ ఎయిర్ అంబులెన్స్ డాక్టర్లు 2011లో ఇచ్చిన లెక్క చూడండి, కత్తిపోటు లాంటి గాయాలతో గుండె ఆగిపోయిన 71 మందికి అక్కడికక్కడే ఛాతీ తెరిస్తే 13 మంది బతికారు. 58 మంది పోయారు కదా అనేవాళ్లుంటారు, కానీ చెయ్యకపోతే ఆ 13 మంది కూడా దాదాపు ఖాయంగా పోయేవాళ్లే. అయితే గుండె ఆగిన కొద్ది నిమిషాల్లోనే చెయ్యాలి, తర్వాత కుట్టడానికి సర్జన్ దగ్గర్లో ఉండాలి, ఈ రెండూ లేని చోట దీన్ని మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఇలాంటి అత్యవసర కోత ఇంకొకటుంది, నిండు గర్భిణికి గుండె ఆగితే నాలుగు నిమిషాల్లోపు కోత మొదలుపెట్టి ఐదో నిమిషానికి బిడ్డని బయటికి తియ్యాలనే మాట 1986 నుంచీ ఉంది. అది బిడ్డ కోసమే అనుకుంటారు జనం, నిజానికి గర్భం బరువు పెద్ద రక్తనాళాల మీద నుంచి తీసేస్తే తల్లి గుండె మళ్లీ కొట్టుకునే ఛాన్స్ పెరుగుతుంది.

సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఇవి చేసే అవసరం రాని పారామెడిక్‌లు చాలామంది, మరి చెయ్యి తిరిగేదెలా? గొర్రె గొంతు మీదో బొమ్మ మీదో తరచుగా చేస్తూ ఉండాలి, ఏడాదికోసారి సర్టిఫికెట్ కోసం చేసేది లెక్కలోకి రాదు. దాంతోపాటు, 'ట్యూబ్ పడట్లేదు, కోస్తున్నా' అని టీమ్‌కి వినపడేలా పైకి అనడం కూడా ప్రాక్టీస్ చేయించాలి, ఆ మాట నోటి నుంచి వస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. మేనేజర్లు కూడా రూల్ ప్రకారం కోసినవాడిని, పేషెంట్ పోయినా సరే, వెనకేసుకొస్తామని ముందే రాసివ్వాలి. రేపు పేపర్లో పేరొస్తుందేమో అన్న భయం ఆ కొద్ది నిమిషాల్లోనే రెండు నిమిషాలు తినేస్తుంది సార్, ఇది మీకు కొంచెం కటువుగా ఉండొచ్చు.

ఈసారి ఇలాంటి వార్త వస్తే మీ రిపోర్టర్‌ని మూడు విషయాలు అడగమనండి. ఊపిరి ఆడట్లేదని గుర్తించాక కొయ్యడానికి ఎంతసేపు పట్టింది, ఆ మనిషి ఆఖరిసారి ఎప్పుడు ప్రాక్టీస్ చేశాడు, ఆ ప్రాక్టీస్ పెట్టాల్సింది ఎవరు.

ఇట్లు,
ఒక అంబులెన్స్ ట్రైనర్