టీకాల మీద తలా ఒక మాట: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఊళ్లలో టీకాలు వేసే నర్సుగా, అంటే ఏఎన్‌ఎంగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. టీకాల మీద తల్లులకు అవగాహన పెంచాలని ప్రతి మీటింగులోనూ అంటుంటారు. తల్లుల సంగతి తర్వాత సార్. సూది వేసేవాళ్లకు, వేయించమనీ వద్దనీ చెప్పేవాళ్లకు ముందు ఒకే పాఠం చెప్పించండి. మీ శాఖ ఒక్కటే చేయగలిగే పని కాదిది, అందుకే ఈ ఉత్తరం.

బుధవారం అంగన్‌వాడీలో సూదులు వేసేటప్పుడు మా చెవిన పడే మాట ఒకటుంది: "డాక్టర్ సాబ్ జలుబు తగ్గినంక ఏపియ్యమన్నడు నర్సమ్మా." ఆ డాక్టర్ సాబ్ డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ కావచ్చు, టౌన్‌లో కాంపౌండర్ కావచ్చు, ఒక్కోసారి నిజంగానే ఎంబీబీఎస్ కావచ్చు. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం టీకా ఆపడానికి కారణాలు కావు. ఆ వారం ఆగిన తల్లి పత్తి ఏరడానికి పోతుంది, తర్వాత పుట్టింటికి పోతుంది. తొమ్మిది నెలలకు పడాల్సిన తట్టు-రుబెల్లా టీకా (ఎంఆర్) ఏడాది దాటినా పడదు. డోసు ఆలస్యమైతే మొదటి నుంచి మళ్లీ వేయాలని భయపెట్టేవాళ్లు ఇంకొందరు. అక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు.

మావాళ్లనూ వెనకేసుకురాను. తొమ్మిదో నెలలో ఎంఆర్, న్యుమోనియా టీకా (పీసీవీ) బూస్టర్, పోలియో సూది (ఐపీవీ) మూడో డోసు ఒకేరోజు వేయాలి. మూడు సూదులనేసరికి తల్లి కంటే ముందు కొత్త నర్సుకే టెన్షన్. "ఒకటి ఇవాళ, మిగతావి వచ్చే నెల" అనేస్తుంది.

కోరింత దగ్గు టీకా మీద ప్రైవేటులో ఇంకో పాట. "గవర్నమెంటు సూదికి జ్వరం వస్తుంది, మా దగ్గర నొప్పి లేనిది ఉంది" అంటారు. జ్వరం కాస్త ఎక్కువన్నది నిజమే. కోరింత దగ్గు నుంచి రక్షణ ఎక్కువ కాలం ఉండేదీ ఆ జ్వరం వచ్చే సూదికే. ఈ రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. డబ్బు చాలక మధ్యలో మానేసిన తల్లి మొహమాటపడి మా దగ్గరికీ రాదు. పుట్టిన 24 గంటల్లోపు పడాల్సిన హెపటైటిస్-బి డోసు కొన్నిచోట్ల డిశ్చార్జి రోజు దాకా వాయిదా పడుతుంది. ఆ వ్యాక్సిన్‌ను దేశంలో మొదట తయారుచేసింది మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, 1997లో!

తెలియకపోతే ఏమవుతుందో 2019 మార్చిలో హైదరాబాద్‌లోనే చూశాం. ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేసిన పసిపిల్లలకు, జ్వరానికిచ్చే పారాసెటమాల్ బదులు ట్రామడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు ఇచ్చారు. ఇద్దరు పిల్లలు పోయారు. చెడ్డపేరు మాత్రం టీకాకు వచ్చింది.

పోలియో రోజులు గుర్తు చేసుకోండి. రోటరీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, పిల్లల డాక్టర్ల సంఘం అన్నీ సర్కారుతో కలిసి నడిచాయి. బిడ్డ కాలు హఠాత్తుగా చచ్చుబడితే కబురు చేయమని ప్రైవేటు క్లినిక్‌లనూ, నాటువైద్యులనూ అడిగాం. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. అప్పుడు పనికొచ్చిన మనుషులు ఇప్పుడు పనికిరారా?

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రాష్ట్ర శాఖతో, మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలతో ఒప్పందం చేసుకోండి. పవర్‌పాయింట్ వద్దు, ఏసీ హాలూ వద్దు. కాన్పులు చేసే ప్రతి నర్సింగ్ హోమ్‌కు పిల్లల డాక్టరు ఒకరు, ఏఎన్‌ఎం ఒకరు కలిసి వెళ్లి, అక్కడి నర్సులతో లేబర్ రూమ్ పక్కనే కూర్చుని మాట్లాడాలి. ఫ్రిజ్ తెరిచి చూడాలి. వ్యాక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, పెంటావాలెంట్ గడ్డకట్టిందా అని. వేసిన డోసు మా ఆన్‌లైన్ టీకా రికార్డు యూ-విన్‌లో ఎక్కేలా చూడాలి. లేకపోతే ఆ బిడ్డ మా లిస్టులో ఎప్పటికీ బాకీగానే కనపడుతుంది.

ఆర్‌ఎంపీలకు శిక్షణ అనగానే డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెబుతాయి, తెలుసు. వాళ్లను సూది పట్టమనడం లేదు సార్. జలుబున్నా టీకాకు పంపమని, టీకా తర్వాత ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలో చెప్పమని నేర్పితే చాలు.

ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టించండి. నర్సింగ్ హోమ్‌లకు తిరగడానికి మనుషులు లేరని అధికారులు ఫైలు మీద రాస్తారు. నాలాంటి రిటైరైన నర్సులు ప్రతి మండలంలో ఉన్నారు. ఆడవాళ్లకు బస్సు ఎలాగూ ఫ్రీయే, కబురు పెడితే వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్