నాన్నగారికి, ఈ మధ్య నేను వింటున్న పాటల సంగతి

మస్కట్,
జూలై

నాన్నగారికి నమస్కారాలు.

అక్క మీ ఉత్తరాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. రాత కాస్త వణికింది కానీ అంతా చదవగలిగాను. ఫోన్లో నేను చెప్పేది మీకు అందక, అమ్మ మధ్యలో అందుకుని అరిచి చెప్పి, ఆఖరికి ముగ్గురం అలిసిపోయి పెట్టేస్తున్నాం. ఇక నేనూ ఉత్తరమే రాద్దామనుకున్నాను. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించి ఇమ్మని అక్కకి చెప్పాను.

పని బాగానే ఉంది. ఎండలకి మధ్యాహ్నం పూట బయట పని ఆపేస్తున్నారు. జీతం పడింది, అమ్మ అకౌంట్‌కి పంపాను. తోటకి ఎరువు వేయించండి, కొబ్బరి దింపు డబ్బులు వచ్చేదాకా ఆగొద్దు.

ఈ మధ్య ఏం వింటున్నావని అడిగారు. ముందు బాలమురళిగారు, రామదాసు కీర్తనలు. మీ కేసెట్టులో ఉన్నవే, నాకు ఫోన్లో ఉన్నాయి. ఆనందభైరవిలో 'పలుకే బంగారమాయెనా' ఎత్తుకుంటే చాలు, పొద్దుటి నుంచి పడ్డ చిరాకంతా దిగిపోతుంది. మా గదిలో ఉండే కడప కుర్రాడు ఎవరీయన అని అడిగాడు. 1930లో మా పక్కనే శంకరగుప్తంలో పుట్టారని, విజయవాడ రేడియోలో భక్తిరంజని మొదలుపెట్టింది ఆయనేనని, మీరు మాకు చెప్పినట్టే వాడికి చెప్పాను. ఈసారి గమనించింది ఒకటుంది. మంద్రంలోకి దిగేటప్పుడు చాలామందికి గొంతు పలచబడుతుంది, ఆయనకి కింద ఇంకా నిండుగా ఉంటుంది. మీరు ఎన్నిసార్లు చెప్పారో ఇది, ఇన్నాళ్ళకి నా చెవికి తెలిసింది.

కొత్తది ఒకటి చెప్పాలి. మా బస్సు డ్రైవరు ఈజిప్టు ఆయన, పెద్దాయన. రోజూ ఒకావిడ పాటే పెడతాడు, ఉమ్ కుల్సూమ్. మొదట్లో నాకు ఎక్కలేదు, ఎంతసేపటికీ వాయిద్యాలే, పాట మొదలవదు. తర్వాత తర్వాత నేనే వెళ్ళి ఆయన వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. 'ఎంతా ఒమ్రీ' అని 1964లో పాడింది, అబ్దుల్ వహాబ్ అనే ఆయన కట్టిన బాణీ, కచేరీలో పాడితే గంట దాకా సాగుతుంది. నాన్నగారూ, ఆవిడ ఒక్క పాదం పట్టుకుని, జనం కేకలు వేసి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, ప్రతిసారీ ఇంకోలా పాడుతుంది. ఒకసారి మాటని సాగదీస్తుంది, ఒకసారి విరిచి వదిలేస్తుంది, ఒకసారి జారుడుగా కిందికి తెచ్చి ఆపుతుంది. మన వాళ్ళు ఒకే పాదాన్ని తిప్పి తిప్పి పాడుతూ నెరవు చేసేటప్పుడు మీరు తొడ మీద తాళం ఆపేసి కళ్ళు మూసుకునేవారు చూడండి, సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది. స్వరాలు నాకు తోడి రాగానికి దగ్గరగా అనిపించాయి, గమకం మాత్రం మనది కాదు. మీరు వింటే సరిగ్గా చెప్పగలరు. నెలలో మొదటి గురువారం రాత్రి ఆవిడ కచేరీ కైరో రేడియోలో వచ్చేదట, వాళ్ళ నాన్న ఆ రోజు ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదని డ్రైవరు చెప్పాడు. మా ఇంట్లోనూ అంతే అన్నాను.

మీరు రాసినదాంట్లో ఒక్క మాట నాకు నచ్చలేదు. 'పాటలతో ఇక నాకు పని లేదు, నువ్వు విని రాయి, చదువుకుంటాను' అన్నారు. రాస్తాను, ఎన్ని పేజీలైనా రాస్తాను. కానీ ఆ మొదటి ముక్క నేను ఒప్పుకోను.

చెవి మిషను బీరువాలో పెట్టేశారని అమ్మ చెప్పింది. అమ్మ మీద కోప్పడకండి, తను చెప్పకపోతే నాకెవరు చెప్తారు. కీచుమంటోందనీ, వీణ పెడితే వణికినట్టు వినబడుతోందనీ, చిట్టిబాబుగారి వీణని అలా వినడం కన్నా వినకపోవడమే నయమనీ అన్నారట. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను.

ఇక్కడ జనరేటర్ల దగ్గర పనిచేసే మా అందరికీ ఏటా చెవుల పరీక్ష చేస్తారు. ఈసారి చేసిన ఆవిడది కేరళ. నాది అయ్యాక మీ సంగతంతా చెప్పి అడిగాను. వయసు మీద వచ్చే చెవుడులో ముందు పోయేవి పై స్థాయి శబ్దాలట, మంద్రం చాలాకాలం నిలుస్తుందట. అందుకే మృదంగం ఎడమచేతి దెబ్బ మీకు తెలుస్తోంది, వయొలిన్ పైకి వెళ్తే మాయమవుతోంది. మా మాటల్లోనూ స, శ, త లాంటివి జారిపోతున్నాయి, మీరు 'ఏమన్నావ్' అనేది అందుకే. ఇక మిషను. అది మాట వినిపించడానికి తయారైంది. చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్దదాన్ని తగ్గిస్తుంది, దాంతో పాటలో ఎగుడుదిగుళ్ళన్నీ చదునైపోతాయి. పైగా అది తనలో తనే కూతపెట్టకుండా చూసుకునే ఏర్పాటొకటి లోపల ఉంటుంది. వీణ నాదమో వేణువో ఆగకుండా సాగితే దాన్ని కూడా ఆ కూతే అనుకుని అణచబోతుంది. మీకు వినబడే వణుకు అదే. ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రిగారి దగ్గర నేర్చుకుని, ఒక్క మీటుకి తీగ లాగి అంతసేపు నాదం నిలబెట్టిన మనిషిది కదా ఆ వీణ, ఆ నిలకడనే మిషను తప్పుగా పట్టుకుంటోంది. మీ చెవిలో కొత్తగా చెడిందేమీ లేదు.

చాలా మిషన్లలో పాటల కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చట. అందులో ఆ అణిచేది ఆపేస్తారు, లేకపోతే బాగా తగ్గిస్తారు, పెంచడం తగ్గించడం కూడా మితంగా ఉంచుతారు. బటన్ నొక్కి మాటకి ఒకటి, పాటకి ఒకటి మార్చుకోవడమే. కీచుమనేది మాత్రం చెవిలో అది సరిగ్గా కూర్చోకపోవడం వల్ల కావచ్చు, అచ్చు మళ్ళీ తీయించాలి. పూర్వంలా వినబడుతుందని నేను చెప్పను, ఆవిడా చెప్పలేదు. కానీ ఇప్పుడు వినబడుతున్న దానికన్నా బాగుంటుంది. అమ్మినాయన మీకు ఇవేవీ చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టి పంపించేశాడు, నాకు కోపం అందుకే.

నా చెవుల గురించి మాత్రం టెన్షన్ పడకండి. సైట్‌లో మఫ్‌లు తీయను. గదిలో సౌండ్ సగం దాటనివ్వను. రాత్రంతా పాటలు వింటూ నిద్ర పాడుచేసుకుంటున్నానని అక్క చెప్పినట్టుంది. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం ఒక్క రాత్రే ఆలస్యంగా పడుకుంటాను, మిగతా రోజులు పదింటికే పడక. హెడ్‌ఫోన్స్ ఖరీదు అడగొద్దు. ఈ గదిలో మాతో ఉన్నవాళ్ళందరి మధ్య నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయట కదా. ఏటిగట్టు మీద జాగ్రత్త. ఇక్కడ ఆషాఢంలో మబ్బు కూడా కనబడదు, జల్లంటే సలాలా వైపే. అయినా ఈ నెల రాగానే నా చెయ్యి మేఘసందేశం మీదకే పోతుంది. 1982 నాటి పాటలు, ఇప్పటికీ ఒక్కటి కూడా దాటేసి తర్వాతదానికి వెళ్ళలేను. రమేష్ నాయుడుగారికి, ఏసుదాస్‌కి, సుశీలమ్మకి ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన పాటలని మీరు గర్వంగా చెప్పేవారు. 'ఆకులో ఆకునై' రాసిన కృష్ణశాస్త్రిగారు అప్పటికి రెండేళ్ళ కిందటే పోయారని తలుచుకుంటే నాకు ఎప్పుడూ బాధే. అమ్మ వంటింట్లోంచి ఆ పాట కూనిరాగం తీస్తే మీరు శ్రుతి దిద్దేవారు, తను అలిగేది. ఇప్పుడు దిద్దడం లేదని అమ్మే బాధపడుతోంది, తెలుసా మీకు.

సంక్రాంతికి రాలేను. సెలవుల పట్టీ నేను వేసింది కాదు కదా, అమ్మ ముభావంగా ఉంటే నేనేం చెయ్యను. అంతర్వేది తీర్థానికి మాత్రం వస్తాను. భీష్మ ఏకాదశికి ముందే అక్కడ ఉంటాను, రథం మనిద్దరం కలిసి చూద్దాం.

బావగారు భీమవరంలో ఒకచోట కనుక్కున్నారు, మిషన్లు సరిచేసేవాళ్ళు ఉన్నారట. వరదలో ఏరు దాటే సఖినేటిపల్లి పంటు మాట ఎత్తొద్దు, చించినాడ వంతెన మీదుగా బస్సులో వెళ్ళండి, బావగారు తోడు వస్తారు. బాలమురళిగారి పాట, చిట్టిబాబుగారి వీణ, ఈ రెండూ అక్క ఫోన్లో ఎక్కించాను. మీతో మాట్లాడి మాత్రమే సెట్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. అక్కడే పాట పెట్టించండి, ఎక్కడ గీరుకుపోతోందో, ఎక్కడ వణుకుతోందో చెప్పండి, మార్చమనండి, మళ్ళీ వినండి. మొహమాటపడకండి, కచేరీల్లో శ్రుతి కలవకపోతే ముందు వరసలోంచి చెప్పిన మనిషి మీరు. వేరే డబ్బులు అడిగితే ఇచ్చేయండి, నేను పంపుతాను.

ఇంటికి వచ్చాక 'ఏ తీరుగ నను' మొదటి నుంచి చివరిదాకా విని, ఎంతవరకు అందిందో నాకు రాయండి. అమ్మని షుగర్ పరీక్షకి తీసుకెళ్ళమని అక్కకి గుర్తు చేయండి. చంటిదానికి ముద్దులు.

మీ
అబ్బాయి